జీరో గేటు లెక్క

ఇరవై ఆరేళ్లుగా నా పని ఒకటే.
రాయపురం పక్క హార్బరు గోడకానుకుని
రేకుల గదిలో కూర్చుని
లోపలికెళ్లే లారీలకు గీతలు పెట్టడం.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
లోపల ఏముందో అడగను.
గ్రానైటో, ఎండుమిరపో, ఉత్త డబ్బాలో,
బరువు చూసేవాళ్లు వేరే.
నాది తలకాయల లెక్క.

అందుకే తండయారుపేట క్లినిక్కులో
డాక్టర్ బెనిటా కాగితం నా వైపు తిప్పి
"కొలెస్ట్రాల్ బరువు పరవాలేదండీ,
దాన్ని మోసుకు తిరిగే రేణువులే మరీ ఎక్కువ" అన్నప్పుడు
నాకు వింతగా తోచలేదు.
ఒక్కో రేణువుకి ఒక్కటే ప్రొటీన్ అంటుకుని ఉంటుందట,
లారీకి నంబరు ప్లేటులాగా.
ప్లేట్లు లెక్కపెడితే బండ్లెన్నో తేలిపోతుందట.
నవ్వొచ్చింది.
ఆ పనికే కదమ్మా నాకు జీతమిచ్చేది.

గేటు పక్క గోడ చూశారా ఎప్పుడైనా?
నడుమెత్తున పొడుగాటి చార.
ఏ ఒక్క లారీ చేసిన గాయమూ కాదది.
ఒక్కోటీ కాస్త రాసుకుంటూ పోయింది,
సున్నం రాలింది, ఇటుక కనబడింది,
ఏ వెయ్యింటిలోనో ఒకటి ఇరుక్కుంది.
ఇక దాని చుట్టూ క్లీనర్లు, పోలీసు, క్రేను,
టీ క్యానుతో కుర్రాడు.
సాయానికొచ్చినవాళ్లే దారి మూసేస్తారు.
గుండెకు పోయే నాళంలోనూ ఇదే తంతట,
తెల్లకణాలు తినడానికొచ్చి,
కొవ్వు మింగి, ఉబ్బి,
అక్కడే కూలబడిపోతాయట.

ఏకాంబరం గుర్తొచ్చాడు.
నైట్ షిఫ్టు. వెదురు కర్రలాంటి మనిషి.
"నూట ఎనభై రా!" అని రిపోర్టు జేబులో పెట్టుకుని
లైసెన్సులా అందరికీ చూపించేవాడు.
కాశిమేడు చేపలబండి దగ్గర ఒక తెల్లవారుజామున
కూర్చున్నవాడు కూర్చున్నట్టే.
అతని పుస్తకం నాకిచ్చారు.
చివరి పేజీలో నాలుగు నిలువు గీతలు.

కాలేయం యార్డు లాంటిదని చెప్పింది డాక్టరమ్మ.
బండ్లు అక్కడ సరుకు దించి మాయమైపోవాలి.
నెయ్యి, వనస్పతి, క్యాంటీన్ మూకుట్లో మరిగే పామాయిల్
ఎక్కువైతే యార్డులో షట్టర్లు పడతాయి.
దించే చోటు లేని బండ్లు
ఊరంతా తిరుగుతూనే ఉంటాయి,
తిరిగే కొద్దీ గోడ.
నేనేమో ఆరు నెలలు కోడిగుడ్డును తిట్టుకున్నాను!
"పచ్చసొన కంటే, మీరు దాన్ని వేయించే కొవ్వే ఎక్కువ చెరుపు" అందామె.

ఇంట్లో కనకవల్లి ఏమీ అనలేదు.
మర్నాటి నుంచి ఉలవలు నానాయి,
పొట్టు తీయని పెసలు నానాయి,
ఓట్సు అన్నది మాత్రం గడప దాటలేదు,
"గుర్రాలకు పెట్టేది నీకెందుకు?" అంది,
ఉలవలూ గుర్రాల తిండేనని గుర్తు చేస్తే
గరిటె పట్టుకుని ఒక్క చూపు చూసింది.
పీచు పోతూ పోతూ పైత్యరసాన్ని పట్టుకుపోతుందట,
అది మళ్లీ చేసుకోవడానికి
కాలేయం షట్టర్లెత్తి బండ్లను పిలుస్తుందట.

నాలుగు నెలలకు లెక్క తగ్గింది.
చాలినంత కాదు.
మా నాయన యాభై మూడుకే పోయాడు,
మా వంశంలో షట్టర్లే తక్కువ కాబోలు.
అన్నీ నోటి తప్పు కాదని వినడం
ఎంత హాయో చెప్పలేను.
రాత్రిపూట ఒక మాత్ర రాసిచ్చింది.

ఇవాళ క్యాంటీన్ రహమతుల్లా
అడక్కుండానే, పాత అలవాటుగా,
ఆకు మీద వడ పెట్టి వెళ్లాడు.
బయట ఎన్నూరు రోడ్డు పొడుగునా
కదలని కంటైనర్ల హారన్లు.
సగం తుంచి కాకికేశాను.
నాళాల సంగతి దానికెవరూ చెప్పలేదు.
మిగతా సగం,
అబద్ధమెందుకు, తిన్నాను.

పుస్తకం చివరి అట్ట లోపల
నాకోసం ఉంచుకున్న జాగాలో
ఒక నిలువు గీత పెట్టాను.